పెంపకానికి వెళ్ళిన బిడ్డ జాడ: పందొమ్మిదో శతాబ్దపు తెలుగు వంశవృక్షాల్లో అతకని కొమ్మలు

వంశవృక్షం రాసుకుంటూ నాలుగో తరం దాటేసరికి చాలా ఇళ్ళలో ఎక్కడో ఒక కొమ్మ అతకదు. ఇంటిపేరు ఒకరిది, గోత్రం ఇంకొకరిది అవుతుంది. లేదా ముత్తాతకు ఒక కాగితంలో ఒక తండ్రి, ఇంకో కాగితంలో ఇంకో తండ్రి కనిపిస్తాడు. పెద్దవాళ్ళనడిగితే ఒక్క మాటతో తేల్చేస్తారు. కోస్తాలో అయితే ‘పెంపకం వచ్చాడు’ అంటారు, సీమలో ‘సాకినారు’ అంటారు, తెలంగాణలో ‘సాదుకున్నరు’ అంటారు. ఎవరి దగ్గరినుంచి వచ్చాడు, ఎందుకు వచ్చాడు అన్నది అప్పటికే మరుపున పడిపోయి ఉంటుంది.

ముందు తేల్చుకోవలసింది అది పెంపకమా, దత్తతా అన్నది. ఇంట్లో చెప్పుకునే మాటల్లో ఈ రెండూ కలిసిపోతాయి. ‘దత్తు వచ్చాడు’ అని చెప్పిన ప్రతివాడూ దత్తపుత్రుడు కాడు. ధర్మశాస్త్రం ప్రకారం దత్తతకు కన్నవారు చేతులమీదుగా ఇవ్వడం, పెంచేవారు పుచ్చుకోవడం తప్పనిసరి. ద్విజులైతే దత్తహోమం కూడా చేస్తారు. ఆ క్షణంనుంచి గోత్రం మారుతుంది, కన్నవారింట ఆస్తిహక్కు పోతుంది, వచ్చినింట కొడుకు హక్కు వస్తుంది. పెంపకంలో ఇవేవీ జరగవు. పిల్లవాడు ఒక ఇంట అన్నం తిని పెరుగుతాడు, గోత్రం మాత్రం కన్నతండ్రిదే. పెంచినవాడు పోతే ఆస్తి జ్ఞాతులకు, అంటే దాయాదులకు పోతుంది గాని ఇతనికి రాదు.

వెతికేవారికి పనికొచ్చే కీలకం ఇక్కడే ఉంది. దత్తుడికి హక్కు దానంతటదే వస్తుంది కాబట్టి అన్ని ఇళ్ళలోనూ కాగితం అవసరపడలేదు. ఏ హక్కూ లేని పెంపుడు బిడ్డకు ఓ ఎకరమైనా దక్కాలంటే పెంచినవారు బతికుండగా దానపత్రమో వీలునామానో రాయాల్సిందే. అందుకని పెంపకం జాడ పెంపకం మొదలైన రోజున దొరకదు. ముప్ఫై, నలభై ఏళ్ళ తర్వాత, పెంచినవారు ముసలివాళ్ళై ‘మన తర్వాత వీడి గతేమిటి’ అనుకున్న రోజున దొరుకుతుంది. పుట్టిన సంవత్సరం చుట్టూ వెతికి ఏమీ లేదని వదిలేయడం ఈ పనిలో అందరూ మొదట చేసే పొరపాటు.

దత్తత చేసుకోకుండా పెంపకంతోనే ఎందుకు ఆపేశారన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే బిడ్డ ఎవరి బిడ్డో సగం తెలిసినట్టే. అప్పట్లో దత్తు ఇచ్చే అధికారం తల్లిదండ్రులకు తప్ప ఎవరికీ ఉండేది కాదు. ఇద్దరూ చనిపోయిన పిల్లవాణ్ణి ఇచ్చేవారే ఉండరు కాబట్టి అనాథను దత్తు తీసుకోవడం కుదిరేది కాదు. నందన కరువులోనూ (1832-33), ధాత కరువులోనూ (1876-78) తల్లీ తండ్రీ పోయిన పిల్లల్ని తెచ్చుకుని పెంచినవారు ఎంత ప్రేమతో పెంచినా ఆ బంధం చట్టం కంటికి పెంపకమే. నందన కరువునే గుంటూరు వైపు డొక్కల కరువంటారు. ఈ రెండు కరువుల తర్వాతి అయిదారేళ్ళలో ఒక ఇంట హఠాత్తుగా కొత్త పేరు కనబడితే ముందు అనాథ అన్న కోణంలో చూడటం మంచిది.

రెండో కారణం చుట్టరికం. ఏ స్త్రీని, ఆమె కన్యగా ఉన్నప్పుడు, తాను పెళ్ళాడడానికి వీల్లేదో ఆమె కొడుకును ద్విజులు దత్తు తీసుకోకూడదని అప్పటి నియమం. అంటే కూతురి కొడుకు, అక్కచెల్లెళ్ళ కొడుకు పనికిరారు. శూద్రులకు ఈ నిషేధం లేదు. దక్షిణాది బ్రాహ్మణుల్లో అలాంటివారిని దత్తు తీసుకునే ఆచారం ఉందని మద్రాసు హైకోర్టు 1885లో ఒప్పుకుంది గాని, అంతకుముందు పుట్టిన అనుమానం పోవడానికి ఏళ్ళు పట్టింది. తాతగారింట పెరిగిన మనవడు, మేనమామ ఇంట పెరిగిన మేనల్లుడు చివరిదాకా పెంపుడు కొడుకులుగానే మిగిలిపోవడం అందుకే తరచు కనిపిస్తుంది. బిడ్డ ఎక్కణ్ణుంచి వచ్చాడో ఏ ఆధారమూ లేనప్పుడు మొదట తట్టవలసిన తలుపులు ఆ ఇంటి ఆడపడుచు మెట్టినిల్లు, ఆ ఇంటి కోడలి పుట్టినిల్లు. ఊరి బయటివాళ్ళ సంగతి తర్వాత చూడొచ్చు.

మూడోది ఆడపిల్ల. శాస్త్రం ప్రకారం ఆడపిల్లను దత్తు తీసుకోవడమే లేదు. (భోగం కులంలో మాత్రం కూతుర్ని దత్తు తీసుకునే ఆచారాన్ని మద్రాసు హైకోర్టు గుర్తించింది. ఆ వ్యాజ్యాల్లో ఆడవాళ్ళ వరుసన మూడు నాలుగు తరాల పేర్లు దొరుకుతాయి. మిగతా కులాల రికార్డుల్లో అది అరుదైన భాగ్యం.) కాబట్టి పందొమ్మిదో శతాబ్దంలో ‘పెంచుకున్న కూతురు’ అంటే సాధారణంగా పెంపకమే. 1956 దత్తత చట్టం వచ్చాకే ఆడపిల్లను దత్తు తీసుకోవడానికి దారి దొరికింది.

కాగితాల దగ్గరికి వెళ్ళేముందు ఇంట్లోనే రాబట్టవలసినవి ఉన్నాయి. పెద్దవాళ్ళు వాడిన మాటను ఉన్నదున్నట్టు రాసుకోవాలి. ‘పెంపకం’, ‘దత్తు’, ‘ఇల్లరికం’, ‘మారుమనువు బిడ్డ’ నాలుగూ నాలుగు వేర్వేరు దారులు. ఇల్లరికం అల్లుడు ఇంట్లోనే ఉండి మామగారి భూమి చేస్తాడు, కాని ఇంటిపేరు తనదే. రెడ్లలో, కమ్మవారిలో ఇల్లటం పేరుతో అల్లుడికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే ఆచారాన్ని 1880ల్లో మద్రాసు హైకోర్టు గుర్తించింది. అలా వెళ్ళినవాడికి కన్నవారింట హక్కు పోదని కూడా చెప్పింది. భూమి తల్లివైపునుంచి, ఇంటిపేరు తండ్రివైపునుంచి వస్తే అది ఇల్లటం కావచ్చు, పెంపకమే అనుకోనక్కర్లేదు. మారుమనువు చేసుకున్న తల్లి వెంట తెచ్చుకున్న బిడ్డ కథ వేరు. అక్కడ తల్లి నిజమైన తల్లే, తండ్రి మాత్రం కాదు.

ఇంకో వల కూడా ఉంది. ‘మా తాతను తవుడిచ్చి కొన్నారట’, ‘పెంటమీద దొరికాడట’ అన్న కథలు విని చాలామంది పెంపుడు బిడ్డ అనుకుంటారు. పుట్టిన పిల్లలు వరసగా పోతుంటే తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి, ఇంకొకరి చేత ఎత్తించి, చేటెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కోవడం పాత ఆచారం. పెంటయ్య, పెంటమ్మ, తవిటయ్య, తవిటమ్మ పేర్లు అలా వచ్చినవే. ఆ పేరుంటే, దానికి తోడు ముందు పిల్లలు పోయారన్న జ్ఞాపకం ఉంటే, ఆ బిడ్డ ఆ ఇంటి కన్నబిడ్డే.

పేర్లలోనే మరో సూచన ఉంటుంది. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు పెట్టడం చాలా ఇళ్ళలో రివాజు. పెంచిన ఇంట ఎక్కడా లేని పేరు ఒక్క మనిషికే ఉండి, అదే పేరు మేనత్త మెట్టినింట తాతకు ఉంటే అది గట్టి ఆనవాలు. బారసాల అయ్యాక వచ్చిన బిడ్డ కన్నవారు పెట్టిన పేరుతోనే వస్తాడు. దత్తుడికి తరచు వచ్చినింటి తాత పేరు కొత్తగా పెడతారు. ‘ఉరఫ్’ అని రెండు పేర్లు కనిపించడానికి అదొక కారణం.

తద్దినం పెట్టే తీరు కాగితం కంటే నమ్మకమైన సాక్ష్యం. తర్పణంలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గోత్రంతో చెబుతారు. పెంపుడు కొడుకు పెంచినతండ్రికి శ్రాద్ధం పెట్టినా, తన పితృవర్గంలో కన్నతండ్రి పేరే చెబుతాడు. ఇద్దరి పేర్లూ పితృస్థానంలో వస్తే అది ద్వ్యాముష్యాయణ దత్తత కావచ్చు. అంటే ఇద్దరు తండ్రులకూ కొడుకుగా ఉంటాడన్న ఒప్పందం. ఇంటి పురోహితుడి పాత నోటుపుస్తకంలో ఈ పేర్లు దొరికే అవకాశం ఉంది. కాశీ, గయల్లో తీర్థపురోహితుల దగ్గర ఊరు, ఇంటిపేరు చెబితే తాతల రాతలు తీసి చూపించేవారు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ వెతికేటప్పుడు పెంచిన ఇంటిపేరుతో ఒకసారి, అనుమానం ఉన్న కన్నవారి ఇంటిపేరుతో ఒకసారి అడగాలి. మొదటిదాంతోనే ఆగిపోయేవారు ఎక్కువ.

ఇంటిపేరు, గోత్రం రెండూ వేరైనా ‘ఆ ఇంటివాళ్ళు మనకు అన్నదమ్ముల వరస, వాళ్ళతో పెళ్ళి కుదరదు’ అని కారణం తెలియకుండానే పాటించే ఇల్లు ఏదైనా ఉంటే దాన్ని వదలకూడదు. దత్తు వెళ్ళినా కన్నవారింటితో పెళ్ళి నిషేధం పోదు. ఎందుకో మరిచిపోయాక కూడా ఆ నిషేధం మూడు నాలుగు తరాలు నిలబడుతుంది. మైల కూడా అంతే. ఏ ఇంట చావు వస్తే ఎన్నాళ్ళు పట్టేవారో ఆడవాళ్ళకే బాగా గుర్తుంటుంది.

ఇక కాగితాలు. ఇంగ్లండు వంశపరిశోధకులు జనగణన పట్టికల్లో ఇంట్లో ఉన్నవారి పేర్లు, యజమానితో చుట్టరికం చూసి సగం పని ముగిస్తారు. మనకా అదృష్టం లేదు. 1871నుంచి జనగణన జరిగినా ఇంటింటి పట్టికలు నిలవలేదు, అంకెలే మిగిలాయి. జననమరణాల చట్టం మద్రాసు రాష్ట్రంలో 1899లో వచ్చింది. అంతకుముందు గ్రామాధికారులు రాసిన లెక్కలు ఉన్నచోట ఉన్నాయి, లేనిచోట లేవు. కాబట్టి తెలుగు జిల్లాల్లో పెంపకం వేట ప్రధానంగా రిజిస్ట్రేషన్ ఆఫీసు, ఇనాం (మాన్యం భూముల) రికార్డులు, కోర్టుల చుట్టూనే తిరుగుతుంది.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఏ పుస్తకం అడగాలో తెలియకపోతే రోజంతా వృథా. స్థిరాస్తి పత్రాలు ఒకటో పుస్తకంలో ఉంటాయి. దానపత్రాలు, అమ్మకాలు, భాగపంపిణీలు అన్నీ అందులోకే వస్తాయి. వీలునామాలు, దత్తత అధికారపత్రాలు మూడో పుస్తకంలో ఉంటాయి. భర్త తన తర్వాత దత్తు తీసుకోమని భార్యకు రాసిచ్చే కాగితమే దత్తత అధికారపత్రం. 1872 జనవరి 1 తర్వాత అలాంటి అధికారం వీలునామాలో కాకుండా విడిగా రాస్తే రిజిస్టరు చేయించడం తప్పనిసరి. కాబట్టి ఇంట్లో ‘ఆవిడ భర్త చెప్పి పోయాడు, అందుకే దత్తు తీసుకుంది’ అన్న కథ ఉండి, మూడో పుస్తకంలో ఏమీ లేకపోతే రెండు అవకాశాలు ఉంటాయి. అధికారం నోటిమాటగానో, రిజిస్టరు చేయని వీలునామాలోనో ఇచ్చి ఉండాలి, లేదా అది దత్తతే కాదు. దత్తత జరిగిందని చెప్పే పత్రం మాత్రం తప్పనిసరి కాదు. ఉంటే సాధారణంగా ఇతర పత్రాల నాలుగో పుస్తకంలో తగులుతుంది.

ఒకటో పుస్తకాన్ని ఎవరైనా రుసుము కట్టి చూడవచ్చు. మూడో పుస్తకం నకలు రాసినవారు పోయాక ఎవరు అడిగినా ఇస్తారు. పందొమ్మిదో శతాబ్దపు పత్రానికి ఆ షరతు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ‘మీరు పార్టీ కాదు’ అని తిప్పి పంపితే రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను చూపించాలి. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీల ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) కొన్ని దశాబ్దాల వెనక్కే వెళ్తుంది. అంతకు పాతవి ఆఫీసులో చేత్తో వెతికించుకోవాలి. పేర్ల ఇండెక్సు, ఆస్తి ఇండెక్సు వేర్వేరుగా ఉంటాయి. పేర్ల ఇండెక్సులో రాసిచ్చినవారి పేరుతోనూ, పుచ్చుకున్నవారి పేరుతోనూ చూడాలి. పెంపుడు బిడ్డ పుచ్చుకున్నవాడిగా కన్నవారి ఇంటిపేరుతో నమోదై ఉంటాడు. దాన్ని పెంచిన ఇంటిపేరు కింద వెతికితే దొరకదు. చాలా వేటలు ఆగిపోయేది ఈ ఒక్క కారణంతోనే.

పత్రం దొరికాక చదవడం ఇంకో పని. గొలుసుకట్టు రాత అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. చుట్టరికాన్ని చెప్పే విశేషణాన్ని, ‘ఫలానావారి కుమారుడు’ అన్న ముక్కను ముందు పట్టుకోవాలి. దత్తుడైతే పెంచిన తండ్రి పేరు వస్తుంది. పెంపుడు బిడ్డయితే చాలాసార్లు కన్నతండ్రి పేరు వచ్చి, పక్కన పెంచిన సంగతి వస్తుంది. ఆడబిడ్డకైతే పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి దానపత్రమే అసలు ఆనవాలు. పెంపుడు కూతురికి పెళ్ళినాడు గాని, తర్వాత గాని రాసిన పసుపు కుంకుమ పత్రంలో ఆమె ఎవరి కూతురో రాయక తప్పదు.

తేదీల దగ్గర జాగ్రత్త. పాత పత్రాల్లో సంవత్సరం పేరు మాత్రమే ఉంటే అరవై ఏళ్ళ తేడా రావచ్చు. ధాత అంటే 1816-17 కావచ్చు, 1876-77 కావచ్చు. స్టాంపు కాగితం, రిజిస్ట్రేషన్ ముద్ర చూసి తేల్చుకోవాలి. ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) అంకె ఉంటే 590 కలపాలి. ఫసలీ 1300 అంటే 1890-91, మద్రాసు వైపు జూలై 1న మొదలవుతుంది. ఊరు ఏ జిల్లాలో ఉండేదో కూడా ముందే చూసుకోవాలి. 1859లో గుంటూరు, మచిలీపట్నం కలిసి కృష్ణా జిల్లా అయ్యాయి, 1904లో గుంటూరు మళ్ళీ విడిపోయింది. అనంతపురం 1882 దాకా బళ్ళారిలో ఉంది. పల్నాటి ఊరి పత్రం ‘కృష్ణా జిల్లా’ పేరుతో ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇనాం భూమి ఉన్న ఇళ్ళకు ఒక వరం ఉంది. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ఊరూరా ప్రతి ఇనాంనూ విచారించి రిజిస్టరు రాసింది. అప్పటి అనుభవదారు పేరు, వయసు, మొదటి ఇనాందారుకు అతను ఏమవుతాడు, వారసులెవరు అన్నవి అందులో ఉంటాయి. అంటే 1860 ప్రాంతానికి రెండు మూడు తరాల వంశక్రమం ఒకచోట దొరుకుతుంది. కాని దీన్ని గుడ్డిగా నమ్మకూడదు. నేరు వారసుడు లేకపోతే ఇనాం సర్కారు పరమవుతుందన్న భయం ఉన్న కాలమది. పెంపుడు బిడ్డను కన్నకొడుకని రాయించడానికి కారణం బలంగా ఉంది. ఇనాం రిజిస్టరులో ‘కొడుకు’ అని ఉండి, తర్వాతి దానపత్రంలో వేరే తండ్రి పేరు ఉంటే దానపత్రాన్నే నమ్మడం మేలు. దానపత్రం చెల్లాలంటే మనిషి గుర్తు సరిగ్గా ఉండాలి. ఇనాం నిలవాలంటే గుర్తు తప్పుగా ఉన్నా నడిచేది.

కోర్టు కాగితాలు అన్నిటికంటే దట్టమైనవి, వెతకడం అన్నిటికంటే కష్టం. ఎప్పటినుంచి ఎప్పటిదాకా వెతకాలన్నది ముందు లెక్క వేసుకోవాలి. పెంచిన తండ్రి పోయాక ఆస్తి సాధారణంగా అతని భార్య చేతిలో ఆమె బతికున్నంతకాలం ఉంటుంది. ఆస్తిని స్వాధీనం చేయమని కోరే దావా హక్కు జ్ఞాతులకు ఆమె పోయాకే పుడుతుంది. అక్కణ్ణుంచి పన్నెండేళ్ళు గడువు. అంటే పెంచిన తండ్రి 1865లో, ఆయన భార్య 1898లో పోయి ఉంటే దావా 1910 దాకా రావచ్చు. 1865 చుట్టూ చూసి లేదనుకుంటే పొరపాటు. ఆ దావాలో జ్ఞాతులు ‘వీడు దత్తుడు కాడు, ఊరకే పెంచారు’ అంటారు, అవతలివాడు ‘దత్తహోమం జరిగింది’ అంటాడు. ఇద్దరూ సాక్షులను తెస్తారు. జాతకాలు, శుభలేఖలు, తద్దినం లెక్కలు, హోమం ఖర్చు చీటీలు సాక్ష్యాలుగా దాఖలవుతాయి. జాతకచక్రం మీద కన్నవారి పేర్లు ఉంటాయి కాబట్టి ఈ కట్టలో అదే మేలిమి. పెంపుడు బిడ్డ ఓడిపోయిన కేసు కూడా వంశపరిశోధకుడికి విజయమే. అతని కన్నవారెవరో తీర్పులోనే రాసి ఉంటుంది.

1876నుంచి మద్రాసు హైకోర్టు తీర్పులు ‘ఇండియన్ లా రిపోర్ట్స్’ సంపుటాల్లో అచ్చయ్యాయి. లండనులోని ప్రివీ కౌన్సిల్ (అప్పటి చివరి అప్పీలు కోర్టు) దాకా వెళ్ళిన తెలుగు కేసులూ తక్కువేం కాదు. ఏకైక పుత్రుణ్ణి దత్తు ఇచ్చినా అది చెల్లుతుందని 1899లో తేల్చిన బలుసువారి కేసు గోదావరి జిల్లాదే. భర్త అధికారం ఇవ్వకపోయినా సపిండుల (భర్త దగ్గరి రక్తసంబంధీకుల) అనుమతితో వితంతువు దత్తు తీసుకోవచ్చని 1868లో రామనాథపురం కేసులో వచ్చిన తీర్పు తర్వాత, జ్ఞాతుల చేత సమ్మతి ఉత్తరాలు రాయించుకోవడం పెరిగింది. అలాంటి ఉత్తరం ఇంటి పెట్టెలో దొరికితే దానిమీద సంతకాలన్నీ దాయాదులవే. అది చేతిలో ఉన్న వంశపట్టిక లాంటిది. జిల్లా కోర్టుల పాత కట్టలు చాలా నశించాయి. తీర్పు, డిక్రీ మిగిలి మిగతావి పోయిన కేసులే ఎక్కువ.

నిజాం పాలనలోని తెలంగాణ ఊళ్ళకు ఈ పుస్తకాల పద్ధతి వర్తించదు. పాత కాగితాలు ఫార్సీలోనూ, తర్వాత ఉర్దూలోనూ ఉంటాయి. సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రిజిస్టరు) నుంచి 1954-55 ఖాస్రా పహాణీ (భూమి హక్కు, సాగు వివరాల రికార్డు) దాకా భూమి వరుసను వెనక్కి పట్టుకుంటూ పోవడం అక్కడ నడిచే దారి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉర్దూ చదవగల మనిషి తోడుంటేనే పని సాగుతుంది.

సముద్రం దాటిన కుటుంబాలకు ఓడ జాబితా ఉంది. 1860 నవంబరు 16న మద్రాసునుంచి ‘ట్రురో’ ఓడ డర్బన్ చేరినప్పటినుంచి నేటాల్ వెళ్ళిన కూలీల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. ప్రతి మనిషికీ ఒక నంబరు. ఒక కుటుంబంగా ఎక్కినవారి నంబర్లు సాధారణంగా వరుసగా వస్తాయి. వరుసలో ఉన్న ఒక పిల్లవాడికి తండ్రి పేరు మాత్రం వేరుగా ఉంటే అతను పెంపకం బిడ్డో, పోయిన అన్నగారి కొడుకో కావచ్చు. మారిషస్ వెళ్ళినవారి పత్రాలు అక్కడి మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. రాసినవాడికి తెలుగు రాదు కాబట్టి పేర్లు గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. ఊరి పేరును పట్టుకుని వెతకడమే మేలు.

డీఎన్ఏ పరీక్ష ఈ వేటలో పనికొస్తుంది గాని మన ఇళ్ళలో అది చెప్పేది నేరుగా నమ్మడానికి వీల్లేదు. మేనరికాలు, మేనమామ పెళ్ళిళ్ళు తరాలుగా జరిగినచోట దూరపు చుట్టాలు కూడా దగ్గరి చుట్టాలుగా లెక్క తేలతారు. పాశ్చాత్య పట్టికలో ‘రెండో తరం కజిన్’ అని చూపిస్తే మన దగ్గర నాలుగో తరం కావచ్చు. మగవరుస వై క్రోమోజోము పరీక్ష కొంత సూటిగా ఉంటుంది. అయితే బిడ్డ సొంత దాయాది ఇంటినుంచే వచ్చి ఉంటే పెంచిన ఇంటికీ, కన్న ఇంటికీ వై ఒకటే. పరీక్ష ఏమీ చెప్పదు. మేనల్లుడో, కూతురి కొడుకో అయితే తేడా కనిపిస్తుంది. పోల్చడానికి అనుమానం ఉన్న ఇంటి మగవారసుడు ఒకరు ఒప్పుకోవాలి, లేకపోతే డబ్బు దండగ.

దొరికినదాన్ని పట్టికలో ఎక్కించేటప్పుడు కన్న గీత, పెంచిన గీత రెండూ ఉండాలి. కన్నదానికి నిండు గీత, పెంపకానికి చుక్కల గీత. ప్రతి గీత పక్కనా ఏ పుస్తకం, ఏ పత్రం నంబరు, ఏ సంవత్సరం అన్నది రాయాలి. నోటిమాట అయితే చెప్పింది ఎవరు, ఏ మాట వాడారు అన్నది రాయాలి. కన్నతండ్రి దొరకనిచోట ఆ గడి ఖాళీగానే వదలాలి. ఊహతో నింపిన పేరు ఇంకో తరానికి రుజువైపోతుంది. ఆ భూమి మీద ఇంకా దావా నడుస్తున్న కుటుంబమైతే, పట్టికను నలుగురికీ పంచేముందు వకీలుకు చూపించడం తప్పు కాదు.